తరువాత ఏమిటో చూపండి

"మా ఏడేళ్ళ బాబుకి ఆటిజం అన్నారు డాక్టరుగారు. బడిలో ఒక పాఠం ఆపి ఇంకొకటి మొదలుపెడితే చాలు, కేకలు పెడతాడు. మాన్పించమంటున్నారు మావారు. మీరేమంటారు?" అని ఒక సోదరి వ్రాశారు.

నేను మాన్పించవద్దంటాను. అది మొండితనం కాదమ్మా. తరువాత ఏం జరగబోతుందో తెలియని కంగారు.

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలో, ఎరిక్ షాప్లర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుని పూనికతో, ఇటువంటి పిల్లలకోసం 1972లో రాష్ట్రమంతటా ఒక కార్యక్రమం మొదలైంది. నోటితో చెప్పడంకంటే కంటికి చూపడం అందులో ముఖ్యం. ప్రార్థన, లెక్కలు, అన్నం, ఆట, ఇల్లు - ఆనాటి పనులన్నీ బొమ్మలుగా వరుసగా పెడతారు. ఒక పని కాగానే పిల్లవాడే ఆ బొమ్మ తీసి డబ్బాలో వేస్తాడు. ఏది అయిందో, ఏది మిగిలిందో అతనికే తెలుస్తుంది.

పాత క్యాలెండరు అట్టలు, రంగు పెన్సిళ్ళు చాలు. మీరే చేసి టీచరుగారికివ్వండి. టైంటేబిలు మారే రోజున బొమ్మలు ముందే మార్చి చూపమనండి. ఇంట్లోనూ అదే వరుస పాటించండి.

ప్రభుత్వ గుర్తింపు వున్న బడులు ఇటువంటి పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలని 2016 నాటి చట్టం చెబుతున్నది. ఆ మాట మీవారికీ చెప్పండి. ఒక్కరోజులో గుణం కనిపించదు. ఓపిక పట్టి, నెల తిరిగాక మళ్ళీ వ్రాయండి.