పాత సూపర్‌మోటో, కొత్త సూపర్‌మోటో

అమెరికాలో ఉంటున్న మన పాఠకురాలొకతె ఉత్తరం రాసింది. వాళ్ళ బాబాయి రోజూ ఆఫీసుకు వెళ్ళటానికి సూపర్‌మోటో అనే మోటారు సైకిలు కొనాలనుకుంటున్నాడట. ఎవరో వాడిన పాత బండి చవకగా వస్తున్నది. కొట్లో కొత్తది మెరుస్తున్నది. ఏది మంచిదో చెప్పమని ఆ పాప అడిగింది. వాళ్ళ నాయనమ్మ మాత్రం రెండూ వద్దంటున్నదట! పెద్దవాళ్ళ భయం ఊరికే రాదు. దాని సంగతి కూడా చూద్దాం.

పిల్లలూ, సూపర్‌మోటో ఎట్లా పుట్టిందో తెలుసునా? మోటారు సైకిలు పందెగాళ్ళలో అందరూ ఒకటి కాదు. తారురోడ్డు మీద పరుగెత్తేవాళ్ళు వేరు, మట్టిలో గుండ్రంగా తిరిగేవాళ్ళు వేరు, గుట్టలెక్కి గెంతేవాళ్ళు వేరు. వీళ్ళందరిలోకీ మొనగాడెవడు? అది తేల్చటానికి 1979లో కాలిఫోర్నియాలోని కార్ల్స్‌బాడ్‌లో టెలివిజన్ కోసం ఒక పందెం పెట్టారు. ఒకే బాటలో కొంత తారు, కొంత మట్టి, మధ్యన గెంతులు! అట్లాంటి బాటకు తగిన బండి అప్పటికి లేదు. అందుకని మట్టిలో గెంతే బండిని తీసుకుని, దానికి రోడ్డుకు తగిన టైర్లు వేసి పరిగెత్తించారు. ఆ పందెం 1985తో ఆగిపోయిందిగాని, ఫ్రాన్సు మొదలైన యూరపు దేశాలవాళ్ళు ఈ ఆటను అందిపుచ్చుకుని పెంచి పెద్దచేశారు. తరవాత కంపెనీలు అట్లాంటి బండ్లనే దీపాలూ, నంబరు పలకా తగిలించి వీధిలో తిరగటానికి అమ్మసాగాయి.

చూడటానికి ఈ బండి కాళ్ళు పొడుగైన లేగదూడలా ఉంటుంది. తేలిక. హాండిల్ వెడల్పు. నిటారుగా కూర్చోవచ్చు గనక ముందున్న కార్లపై నుంచి దూరంగా కనిపిస్తుంది. గుంటలో పడ్డా నడుము విరగదు. ఇరుకు సందుల్లో ఇట్టే మలుపు తిరుగుతుంది. ఊళ్ళో తిరగటానికి ఇంతకంటె సరదా బండి లేదంటారు, దాన్ని ఎక్కినవాళ్ళు.

పోల్చి చూడాలంటే ఒకే ఇంటి బిడ్డలను పోల్చాలి. జపాను సుజుకీ కంపెనీ 2005లో డీఆర్‌జెడ్ 400 ఎస్ఎం అనే బండి తెచ్చింది. దాని వారసుడుగా డీఆర్‌జెడ్ 4 ఎస్ఎం అనేదాన్ని 2024 చివర ఇటలీలోని మిలాన్ ప్రదర్శనలో పెట్టి, 2025లో అమ్మకానికి తెచ్చింది. రెంటి యంత్రమూ 398 ఘన సెంటీమీటర్లే. రెంటికీ ఒకటే సిలిండరు, ఐదే గేర్లు. సీటు ఎత్తు రెంటికీ 890 మిల్లీమీటర్లు, అంటే పొట్టివాళ్ళకు రెండూ కష్టమే! ఇరవై ఏళ్ళలో బండి చిక్కలేదు సరిగదా, 146 కిలోలది 154 కిలోలైంది. పెట్రోలు టాంకు మాత్రం పది లీటర్ల నుంచి 8.7కు తగ్గింది.

మరి కొత్తదానిలో గొప్పేమిటి?

మొదటిది పెట్రోలు అందే తీరు. పాతదానిలో కార్బురేటరు ఉన్నది. పూర్వం దోమలమందు చల్లే చేతి పంపు ఉండేది, మీ తాతయ్య నడగండి. గొట్టం మూతి మీదుగా గాలి జోరుగా పోతే, కింద డబ్బాలోని మందు తనంతట తానే పైకెక్కి తుంపరవుతుంది. కార్బురేటరు చేసేదీ అదే. మంచి ఉపాయం! కాని చలిలో పొద్దున్నే బండి మొరాయిస్తుంది. నెలల తరబడి కదలకుండా ఉంచితే దానిలో పెట్రోలు జిగురై, సన్నని రంధ్రాలు మూసుకుపోతాయి. కొత్త బండిలో చిన్న కంప్యూటరు గాలి ఎంత వస్తున్నదో, వేడి ఎంత ఉన్నదో చూసి, లెక్క ప్రకారం పెట్రోలు చిమ్మిస్తుంది. పొగలోని విషమూ తగ్గుతుంది.

రెండోది బ్రేకు. నన్నడిగితే అసలు తేడా ఇక్కడే ఉన్నది.

మీ అట్టపుస్తకం మీద ఒక అగ్గిపెట్టె పెట్టి, పుస్తకాన్ని ఒక పక్క మెల్లగా ఎత్తండి. కొంత ఎత్తుదాకా పెట్టె కదలదు. ఒకసారి జారటం మొదలుపెట్టిందా, పుస్తకాన్ని కాస్త దించినా ఆగదు, జారుతూనే ఉంటుంది. నిలిచి ఉన్నదానికి పట్టు ఎక్కువ, జారేదానికి తక్కువ అన్నమాట. టైరు సంగతీ ఇంచుమించు ఇంతే. దొర్లే టైరు రోడ్డును పట్టుకుంటుంది. బ్రేకు గట్టిగా నొక్కితే చక్రం బిగుసుకుని జారుతుంది. ముందు చక్రం అట్లా జారితే బండిని తిప్పటం సాధ్యం కాదు, మనిషి కింద పడతాడు.

కొత్త బండిలో చక్రం పక్కన ఒక కాపలాదారు ఉన్నాడు. చక్రం ఎంత జోరుగా తిరుగుతున్నదో క్షణక్షణమూ లెక్కపెడుతూ, అది బిగుసుకోబోతున్నదని తోచగానే బ్రేకును వదిలి మళ్ళీ పడతాడు. సెకనులో ఎన్నోసార్లు! దీన్నే ఏబీఎస్ అంటారు. మన దేశంలోనూ 125 ఘన సెంటీమీటర్లు మించిన కొత్త బండ్లకు ఇది ఉండి తీరాలని 2019 ఏప్రిల్ నుంచి నియమం ఉన్నది. పాత సుజుకీలో ఇది లేదు. పందెగాళ్ళకు వెనక చక్రం జారించటం ఒక విద్య గనక, కొత్తదానిలో వెనక చక్రపు ఏబీఎస్‌ను ఆపుకోవచ్చు. పందెం బాటలో బాలు కోసం అడ్డంగా పరిగెత్తుకొచ్చే పిల్లలుండరు. వీధిలో ఉంటారు. ఆఫీసు నుంచి అలసి వచ్చేటప్పుడు, వాన తుంపరలో, హఠాత్తుగా బ్రేకు నొక్కవలసి వస్తే ఎంత నేర్పరికైనా చెయ్యి బిగుస్తుంది. ఆ ఎనిమిది కిలోలు ఎక్కువైనా నాకేమీ బాధ లేదు.

ఇక నాయనమ్మగారి భయం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. అడ్డం వచ్చినదాన్ని చూసి, చెయ్యి బ్రేకు మీదికి పోవటానికి ఒక సెకను పడితే, ఆ 17 మీటర్లూ వృథాయే. ఏ కంప్యూటరూ వాటిని వెనక్కి తేలేదు. బ్రేకు పట్టిన తరవాత పొడిరోడ్డు మీద ఇంకో 20 మీటర్లన్నా కావాలి. వేగం సగం చేస్తే ఈ 20 మీటర్లు ఐదుకు దిగుతాయి, సగానికి కాదు, నాలుగో వంతుకు! బాబాయి నాయనమ్మకు మాట ఇవ్వదలిస్తే హెల్మెట్టుతోపాటు ఈ లెక్క కూడా గుర్తుపెట్టుకుని ఇవ్వాలి.

పాతదానికి ఒక సుగుణం ఉన్నది. స్పానర్లు పట్టటం వచ్చినవాడు దాని కార్బురేటరు ఇంట్లోనే విప్పి, కడిగి, బిగించుకోవచ్చు. యంత్రాల మీద ప్రేమ ఉన్నవాడికి అది చిన్న ఆనందం కాదు. ఆదివారాలు విప్పుకుని ఆడుకోవటానికైతే పాతది చాలు. రోజూ ఆఫీసుకైతే కొత్తదే.

అంత డబ్బు లేక పాతదే కొనేట్టయితే, పాపా, నువ్వు కూడా వెళ్ళు. టైరు పక్కన "డాట్" అనే అక్షరాల వరస చివర నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే అది 2019లో ఇరవై మూడో వారంలో తయారైందని అర్థం. ఏళ్ళు గడిచినకొద్దీ రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది, అరుగు కనిపించకపోయినా. ఆ అంకెలు చదివి బాబాయికి చెప్పు. టైర్లు ముసలివైతే, కొత్త టైర్ల ఖరీదు ఎంతో అడిగి, అది ధరలో తగ్గించమనాలి.