ద్రాక్షతోటకు పోయొద్దాం రండి

మాఘమాసం వచ్చేసరికి బజారులో ద్రాక్షపళ్ళు రాశులు పోస్తారు. మీరూ ఓ కిలో తూయించుకుని, ఉప్పునీళ్ళలో ముంచి కడిగి, పిల్లల ముందు పెడతారు. ఆ గుత్తి పందిరికి వేలాడుతుండగా ఎప్పుడైనా చూశారా? హైటెక్ సిటీ చుట్టుపక్కల అపార్టుమెంట్లలో కాపురముండే ఇల్లాళ్ళని అడిగితే చాలామంది లేదనే అంటారు. పాపం, కిటికీ తెరిస్తే అద్దాల మేడలు తప్ప పచ్చటి ఆకు కనబడని చోటాయె!

ఈమధ్య ఆ వైపు కుటుంబాల్లో కొత్త సరదా ఒకటి బయల్దేరింది. మూడు రోజులు సెలవులు కలిసొస్తే చాలు, నాసిక్ ప్రయాణం. గంగాపూర్ డ్యామ్ నీళ్ళు, చుట్టూ కొండలు, సులా వారి ద్రాక్షతోటలు. చూడదగ్గ చోటే, కాదనను. అయితే రానూపోనూ దూరమే దాదాపు 1,400 కిలోమీటర్లు. అక్కడ వైన్ రుచి చూడటం శ్రీవారి వంతు, చంటివాణ్ణి చంకనేసుకుని ఫొటోలు తీయడం మీ వంతు! పైగా వైన్ తీసే ద్రాక్ష తినడానికి అంత బాగుండదు. చిన్న పండు, మందం తోలు, నోటినిండా గింజలు. పిల్లలు కోసుకు తినాలని ముచ్చటపడితే ఆ తోట పనికిరాదు.

మన ఊళ్ళో ‘వైన్స్’ అని బోర్డు కనబడితే తలొంచుకుని గబగబా నడిచిపోతాం. ఆ కొట్లో వైన్ కన్నా మిగతావే ఎక్కువ అమ్ముతారనుకోండి, అది వేరే సంగతి. కానీ అసలు హైదరాబాదే ఒకప్పుడు ద్రాక్షసీమ అన్న మాట ఎంతమందికి తెలుసు? ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల్లో నిజాం హయాంలో ఇక్కడ ద్రాక్ష సాగు వేళ్ళూనుకుంది. మీ అమ్మగారినో అత్తగారినో ‘అనాబెషాహి’ గురించి అడిగి చూడండి, వాళ్ళ మొహం వెలిగిపోతుంది. అనాబ్ అంటే ద్రాక్ష, షాహి అంటే రాజులది. పొడుగాటి పెద్ద పండు, పండితే లేత తేనెరంగు, లోపల తియ్యటి నీరు. కొంపల్లి, మేడ్చల్, శామీర్‌పేట దారుల్లో ఎటు చూసినా రాతి స్తంభాలూ, తీగ పందిళ్ళూ ఉండేవి.

మరి ఏమయ్యాయంటారా? అనాబెషాహికి గింజలుంటాయి, ఆకుకి బూజు తెగులు తొందరగా పడుతుంది. జనం గింజల్లేని థాంప్సన్ రకానికి మళ్ళారు. అది ఒక కారణం. రెండో కారణం మనమే. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఊరు నాలుగు వైపులా పెరిగింది. ఎకరం తోట మీద ఏటా వచ్చేదానికీ, అదే ఎకరం ప్లాట్లు వేస్తే వచ్చేదానికీ పొంతన ఎక్కడిది? రైతును తప్పుపట్టి ఏం లాభం? మనం వంట చేసుకునే మూడో అంతస్తు కింద ఏ తోట ఉండేదో ఎవరికి తెలుసు!

ఉన్నవాటినైనా పిల్లలకి చూపిద్దాం. రాజేంద్రనగర్‌లో ఉద్యాన విశ్వవిద్యాలయం వారి ద్రాక్ష పరిశోధన కేంద్రం ఉంది. కొన్నేళ్ళుగా కాపు రోజుల్లో సందర్శకుల్ని రానిస్తున్నారు. ఎన్నో రకాల తీగలు ఒకే చోట చూడొచ్చు. గచ్చిబౌలి నుంచి అవుటర్ రింగు రోడ్డెక్కితే ఎంతోసేపు పట్టదు. కీసర, శామీర్‌పేట వైపు కూడా కొందరు రైతులు మన చేత్తో మనమే కోసుకుని కిలో లెక్కన డబ్బు కట్టనిస్తారు. ముందు ఫోన్ చేసి రేటూ, వేళా కనుక్కోండి. కాపు ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే. చలిదేశాల్లో శీతాకాలం తీగ తనంతట తనే నిద్రపోతుంది. మన దగ్గర ఆ చలి లేదు కనక ఏడాదికి రెండుసార్లు, వేసవిలో ఒకసారి, దసరా దాటాక ఒకసారి కత్తిరిస్తారు. ఆ రెండో కత్తిరింపుకి వచ్చిన కాపే మనం తినేది.

కోసేటప్పుడు ఒక్కటి గుర్తు పెట్టుకోండి. మామిడికాయలా ఇంటికి తెచ్చి మాగబెడదామంటే ద్రాక్ష మాగదు. కోసినప్పుడు ఎంత తీపి ఉందో అంతే. కాబట్టి తోటవాళ్ళని అడిగి, గుత్తి అడుగున ఉన్న పండు ఒకటి కడుక్కుని తిని చూడండి. పైవి ముందు తియ్యబడతాయి, కొసవి ఆఖరికి. కొస తియ్యగా ఉందంటే గుత్తి అంతా పండినట్టే. పండు మీద తెల్లగా బూడిదలా కనబడేది చూసి మందు అనుకుని భయపడకండి. అది చాలావరకు పండుకి సహజంగా ఉండే పొరే. అలాగని మందు కొట్టరని కాదు. ఎన్నాళ్ళ క్రితం కొట్టారో మొహమాటపడకుండా రైతునే అడగండి.

ఇక భోజనం సంగతి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పూరీలు వత్తి, కుర్మా చేసి, డబ్బాలు సర్ది, తోటకి చేరేసరికి మీరు సోలిపోతే అది విహారం ఎవరికి? రాత్రే పులిహోర కలిపి పెట్టుకోండి, పొద్దుటికి ఇంకా బాగుంటుంది. దద్ధోజనంలో పాలు ఎక్కువ, పెరుగు తక్కువ వేస్తే మధ్యాహ్నానికి పులవదు. అందులో వేయాల్సిన ద్రాక్ష తోటలోనే కోసి కలపండి. మంచినీళ్ళూ, చాపా, చిన్న కత్తెరా మోసే బాధ్యత శ్రీవారిది. ముందు రోజే చెప్పేయండి.

కీసర వైపు వెళితే గుట్టెక్కకుండా రాకండి. రామలింగేశ్వరస్వామి గుడి చుట్టూ ఆరుబయట ఎక్కడ చూసినా శివలింగాలే. విష్ణుకుండినుల నాటి ఇటుక కట్టడాలు కూడా అక్కడ తవ్వకాల్లో బయటపడ్డాయి. శివరాత్రికి పెద్ద జాతర. ద్రాక్ష కాపూ సరిగ్గా ఆ రోజుల్లోనే. జనంలో తిరగలేనివాళ్ళు జాతర ముందు వారమో, తర్వాతి వారమో పెట్టుకోండి. ఎండ ముదరకముందే గుట్ట దిగి తోటలో కూర్చుంటే పందిరి కింద చల్లగా ఉంటుంది.

ఇంటికి తెచ్చిన పళ్ళని వెంటనే కడగకండి. తడి తగిలితే తొందరగా కుళ్ళుతాయి. చితికినవి ఏరేసి, కాడలతోనే కాగితం పరిచిన డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, తినే ముందు కావలసినన్నే కడుక్కోండి. రాలిన పళ్ళుంటే కాస్త చక్కెర, చిటికెడు ఉప్పు, జీలకర్రపొడి వేసి మిక్సీలో ఒక్కసారి తిప్పి వడకట్టండి. గింజ నలిగితే రసం చేదెక్కుతుంది, ఎక్కువ తిప్పకండి.