బోయింగ్: ప్రకటనలో ఒక మాట, లోపల ఇంకో మాట

గల్ఫ్‌కు వెళ్లొచ్చే కుటుంబాలు ఎక్కే విమానాల్లో బోయింగ్ 737 మ్యాక్స్ కూడా ఉంది. ఆ కంపెనీ కష్టకాలంలో తన పేరు ఎలా కాపాడుకోజూసిందో ప్రయాణికులకూ తెలియాలి.

2018 అక్టోబర్ 29న ఇండోనేషియాలో లయన్ ఎయిర్ మ్యాక్స్ విమానం సముద్రంలో కూలింది. 189 మంది చనిపోయారు. విమానం ముక్కును తనంతట తానే కిందికి దించే ఎంక్యాస్ అనే సాఫ్ట్‌వేర్ సంగతి పైలట్ల మాన్యువల్‌లోనే లేదు. అయినా నెల తిరిగేసరికి, భద్రతలో మ్యాక్స్ ఏ విమానానికీ తీసిపోదని బోయింగ్ ప్రకటన ఇచ్చింది. 2019 మార్చి 10న ఇథియోపియాలో ఇంకో మ్యాక్స్ కూలి 157 మంది పోయారు. ఏప్రిల్‌లో అప్పటి సీఈఓ డెన్నిస్ మ్యూలెన్‌బర్గ్ ఆన్‌లైన్ వీడియోలో క్షమాపణ చెప్పారు.

అసలు మాట 2020 జనవరిలో బయటపడ్డ ఉద్యోగుల మెసేజ్‌లలో ఉంది. మొదటి ప్రమాదానికి ఎనిమిది నెలల ముందే ఒక ఉద్యోగి ఇంకొకరిని అడిగారు: మ్యాక్స్ సిమ్యులేటర్‌పై శిక్షణ పొందినవాళ్లు నడిపే విమానంలో నీ ఇంటివాళ్లను ఎక్కిస్తావా? తానైతే ఎక్కించనని కూడా అన్నారు. అవతలి జవాబూ అదే. ఈ మెసేజ్‌లు తమ కంపెనీ తీరు కాదని బోయింగ్ విచారం తెలిపింది.

2021 జనవరిలో అమెరికా ప్రభుత్వంతో 250 కోట్ల డాలర్లకు పైగా ఒప్పందం చేసుకుంది. నియంత్రణ సంస్థను మోసం చేసిందన్నది కేసు.

సాఫ్ట్‌వేర్ మార్చాక మ్యాక్స్ మళ్లీ ఎగురుతోంది. అయితే సంతాప పోస్టులు, వీడియోలు కంపెనీ రాసుకునేవి. ప్రయాణికుడు నమ్మాల్సింది దర్యాప్తు నివేదికనే.