తార్నాక చౌరస్తా, నాలుగు యోగాలు

మా అమ్మ దృష్టిలో యోగం అంటే జాతకంలో ఉండేది. నాకు విదేశయాన యోగం ఉందని నా ఇంటర్ రోజుల నుంచీ చెప్తూనే ఉంది, హెచ్‌వన్ లాటరీలో మాత్రం రెండుసార్లు పేరు రాలేదు. ఇక రాజయోగం అంటే ఆవిడకి కారూ బంగళా. పతంజలి చెప్పినదాన్ని కూడా రాజయోగమే అంటారనీ, అందులో కారు సంగతి అటుంచి "నాది" అనుకోవడమే పోవాలనీ చెప్తే "అదేం యోగంరా!" అంది.

నవ్వాను గానీ, నేను యోగాలో చేరింది మాత్రం ఏ మోక్షం కోసం? నడుంనొప్పి కోసం. పొద్దున్నే తార్నాక నుంచి ఉస్మానియా క్యాంపస్‌లోకి నడవడం, ఆర్ట్స్ కాలేజీ దగ్గర చెట్ల కింద అరగంట ఆసనాలు, తర్వాత మెట్రో పట్టుకుని రాయదుర్గం. ఆరు నెలల్లో నొప్పి తగ్గింది. మంచిదే. కాకపోతే ఆ అరగంటే యోగం అనుకుంటే కష్టం. పతంజలి యోగసూత్రాలు 190కి పైగా ఉంటే, ఆసనం ఎలా ఉండాలో చెప్పేవి మూడంటే మూడు. ఎనిమిది అంగాల్లో ఆసనం మూడోది, దానికి ముందు యమ నియమాలున్నాయి. యమాల్లో ఒకటి సత్యం. శుక్రవారం సాయంత్రం టైమ్‌షీట్ నింపే జాతి మనది, అక్కడే ఫెయిల్ :) చివరిది సమాధి. తెలుగువాడికి ఆ మాట వినగానే గోరీ గుర్తొస్తుంది, అది వేరే సంగతి. ఆసనాలకి పెద్దపీట వేసిన హఠయోగ ప్రదీపిక (15వ శతాబ్దం నాటిది) కూడా అదంతా రాజయోగానికి నిచ్చెన అనే అంటుంది. మనం నిచ్చెన కొనుక్కుని వరండాలో పెట్టుకున్నాం.

మా బాబాయ్‌ది ఇంకో వాదన. "ఏ యోగమైతే ఏంట్రా, అన్ని దారులూ ఒక్కచోటికే" అంటాడు. తార్నాక చౌరస్తాలో నిలబడి ఆ మాట అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఒక రోడ్డు సికింద్రాబాద్‌కి, ఒకటి హబ్సిగూడకి, ఒకటి లాలాపేటకి, ఒకటి యూనివర్సిటీకి. ఎక్కడికి పోతాయ్ ఒక్కచోటికి?

పతంజలి గమ్యం కైవల్యం. పురుషుడు ప్రకృతి నుంచి విడిపోయి కేవలం తానుగా మిగలడం. అంటే విడిపోవడం. అద్వైతుల జ్ఞానయోగంలో అసలు రెండు లేనేలేవు, విడిపోయేదీ లేదు, కలిసేదీ లేదు, తెలుసుకోవడమే. భక్తుడికి ఈ రెండూ పట్టవు. మన రామదాసునే చూడండి. గోల్కొండ ఖైదులో ఉండి రాముడికి చేయించిన నగల ఖర్చు లెక్కలు చెప్పి మరీ దెప్పాడు. దెప్పాలంటే ఎదురుగా ఒకడుండాలి కదా. తనే రాముడైపోతే ఎవర్ని తిడతాడు? 1893 ఫిబ్రవరిలో, షికాగో వెళ్ళకముందు, వివేకానందుడు ఇక్కడే సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో మాట్లాడాడు. తర్వాతి రోజుల్లో ఆయన ఈ నాలుగు యోగాల గురించీ చెప్తూ ఎవరి స్వభావాన్ని బట్టి వాళ్ళ దారి అన్నాడు. అది నాకు సమ్మతమే. గమ్యం కూడా ఒకటే అన్నప్పుడే నా పేచీ.

నాలుగోది కర్మయోగం. మన ఫీల్డులో దీనికి పట్టిన గతి ఇంకే యోగానికీ పట్టలేదు. ఓ ఏడాది అప్రైజల్‌లో నా రేటింగ్ తగ్గించి, "పని చెయ్యి, ఫలితం గురించి ఆలోచించకు, గీతలో చెప్పింది అదే కదా" అన్నారు. ఆ రోజు నోరు పెగల్లేదు. ఇప్పుడైతే చెప్తాను. ఫలం మీద ఆశ వదులుకోవడం పనిచేసేవాడు తనకి తాను చేసుకోవాల్సిన సాధన. దాని గమ్యం "నేనే చేశాను" అన్న బరువు దిగడం, కర్మబంధం తెగడం. జీతం ఇచ్చేవాడు ఇంకొకడికి చెప్పాల్సిన మాట కాదది. ఇచ్చేవాడికి గీతలో వేరే పని ఉంది, తన ధర్మం తాను చెయ్యడం.

ఈ మాట నాకు తట్టింది క్యాంపస్‌లోనే. నేను ఆసనాలు వేసే చెట్టుకి కాస్త అవతల రోజూ ఒకతను గ్రూప్-1కి చదువుతుంటాడు. 2022 అక్టోబర్‌లో ప్రిలిమ్స్ రాశాడు, పేపర్ లీకై 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్ళీ రాశాడు, సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో ఏకంగా ఆ నోటిఫికేషనే పోయి కొత్తది వచ్చింది. అయినా పొద్దున్న ఆరింటికి పుస్తకం తెరుస్తాడు. కర్మయోగి అందామా? ఆ బిరుదు ఇచ్చేసి చేతులు దులుపుకోవడం నాకు చాతకాలేదు. అతనికి ఫలితం కావాలి. కావాలనుకోవడంలో తప్పేముంది? ఊళ్ళో అమ్మానాన్న ఎదురు చూస్తున్నారు.

గీత గురించి అతనేమంటాడో అడుగుదామని మొన్న ధైర్యం చేసి దగ్గరికెళ్ళాను. నేను నోరు తెరిచేలోపే అతనే అన్నాడు: "అన్నా, పొద్దుగాల్నుంచి కూసుంటే నడుం గుంజుతున్నది. పాము లెక్క లేస్తవ్ గదా, అది జర జూపియ్."

చాప అతని వైపుకి జరిపాను.