మిగులు పుంజుల మాట ఎవరూ ఎత్తరేమి?

పెరటిలో నాలుగు కోళ్లు పెంచుకోవాలన్న కోరిక ఇటీవల చదువుకున్నవారి యిళ్లలో బాగా ప్రబలింది. సంతోషమే. బ్లాగ్మిత్రులలోనూ ఇద్దరు ముగ్గురు ఆ ప్రయత్నంలో ఉన్నట్లు వారి రాతలవలన తెలుస్తున్నది. గూడు ఎంత ఎత్తున ఉండాలి, ఏ జాతి మంచిది, సంవత్సరానికి ఎన్ని గుడ్లు పెడుతుంది అని అందరూ విచారించేవారే. పొదిగించిన పిల్లలలో సగం పుంజులు గదా, వాటిని ఏమి చేస్తారు అని నేను అడిగితే మాత్రం సంభాషణ అక్కడితో ఆగిపోతున్నది. "అప్పటికి చూద్దాం లెండి" అన్నది సామాన్యంగా వచ్చే జవాబు. నాకు నచ్చనిది ఆ జవాబే.

లెక్క చాల చిన్నది. పన్నెండు గుడ్లు పెట్ట క్రింద పెడితే తొమ్మిదో పదో పిల్లలవుతాయి. గద్దకూ పిల్లికీ పోగా ఆరో ఏడో నిలుస్తాయి. వానిలో మూడు పుంజులు. కాలం కలిసి రాకపోతే ఐదూ పుంజులే. మొనదేరిన గుడ్డులో పుంజు, గుండ్రని గుడ్డులో పెట్ట ఉంటుందని పెద్దవాళ్లు ఏరి పెట్టడం నేనెరుగుదును. ఆ నమ్మకానికి ఆధారం లేదు. పక్షులలో సంతానం ఆడో మగో నిర్ణయించేది తల్లి ఇచ్చే బీజభాగమే. గుడ్డు పెంకు ఏర్పడకముందే ఆ నిర్ణయం జరిగిపోతుంది. పెంకు ఆకారం చూసి మనం తెలుసుకోగలిగేది ఏమీ లేదు.

ఒక ముచ్చట. తెలుగు వ్యాకరణంలో కోడి అమహత్తు. పుంజైనా పెట్టయినా "కోడి వచ్చింది" అనవలసినదే. లింగభేదం చెప్పాలంటే కోడికి పుంజో పెట్టో తగిలించాలి. సంస్కృతం అలా కాదు. కుక్కుటము, తామ్రచూడము, చరణాయుధము, కృకవాకువు అంటూ పుంజుకు పేర్లన్నీ ఎర్రని జుట్టును, కాలి ఆయుధాన్ని, కూతను పట్టి పుట్టినవే. కుమారస్వామి కుక్కుటధ్వజుడు. ఇంద్రుడు గౌతముని మోసగించడానికి వేసినది కోడికూతే. ఇంతటి వైభవం కావ్యాలలో ఉన్న ప్రాణికి మన పెరటిలో మాత్రం చోటు లేకపోయింది. మనకు గుడ్డు కావాలి, పుంజు అక్కరలేదు.

గుడ్డు పెట్టడానికి పెట్టకు పుంజుతో పని లేదన్న సంగతి ఇంకా చాలమందికి తెలియదు. పుంజు లేని పెట్ట గుడ్లు పెడుతూనే ఉంటుంది, అవి పొదగవు, అంతే. పైగా వేసవిలో అట్టి గుడ్లే ఎక్కువ రోజులు నిలుస్తాయి. పుంజు కలిసిన గుడ్డును మన ఎండలకు బయట పెడితే లోపల పిండం కదలడం మొదలై రెండు మూడు రోజులలోనే చెడుతుంది. కాబట్టి కేవలం గుడ్ల కోసం పెంచేవారు పొదిగించవలసిన అవసరమే లేదు. ఎదిగిన పెట్టపిల్లలను కొనుక్కోవచ్చు. హైదరాబాదు రాజేంద్రనగరులోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే రూపొందించిన వనరాజ, గ్రామప్రియ వంటి రకాలున్నవి. గ్రామప్రియ గుడ్లకు ప్రసిద్ధి. అయితే ఇవి సంకరజాతులు. వాటి గుడ్లను పొదిగిస్తే పిల్లలకు తల్లి గుణం నిలవదు, వాటికి పొదిగే బుద్ధి కూడ తక్కువ. నాటుపెట్ట సంవత్సరానికి పెట్టేది యాభై అరవై గుడ్లే అయినా తన పిల్లలను తానే చేసుకొంటుంది.

అలా కొనుక్కుంటే పుంజుల పాపం మనకు అంటదా అంటే, అదీ లేదు. గుడ్ల కోళ్ల హేచరీలలో పుట్టిన మగపిల్లలలో అత్యధికభాగం మొదటి రోజే చంపబడుతున్నవి. మన ఊళ్లలో సైకిలు మీద గంపలు కట్టుకొని ఎరుపు, పచ్చ, గులాబి రంగులు పూసిన పిల్లలను అమ్మేవాళ్లను చూసే ఉంటారు. అవి సామాన్యంగా ఆ మగపిల్లలే. పసివాళ్లు ముచ్చటపడి కొంటారు, నాలుగు రోజులలో చచ్చిపోతాయి. జర్మనీ 2022 నుండి మగపిల్లలను చంపడం నిషేధించి, గుడ్డులో ఉండగానే ఆడామగా తేల్చే యంత్రాలను పెట్టుకొన్నది. ఫ్రాన్సు కూడ అదే బాట పట్టింది. మనదాకా ఆ చర్చే రాలేదు. అంగడి గుడ్డు తినేవారికి కూడ పుంజుల లెక్క ఉన్నది, కాని అది వారి కంటబడదు. పెరటివానికి మాత్రం అది తెల్లవారుజామున చెవిలో కూస్తుంది.

పూర్వం పల్లెలో "మిగులు పుంజు" అన్న మాటే నేను వినలేదు. పుంజుకు ఒక పంచాంగం ఉండేది. కనుమ నాడు ఒకటి, గ్రామదేవత జాతరకు ఒకటి, తెలంగాణలో ఆషాఢమాసపు బోనాలకు ఒకటి, అల్లుడు వచ్చిననాడు ఒకటి, బాలింతకు పథ్యం విడిచిన తరువాత ఒకటి. డబ్బు చేతిలో లేనప్పుడు సంతకు తీసుకుపోవడానికి ఒకటి. ఇంటి ఇల్లాలు పొదగ పెట్టేటప్పుడే ఏ పిల్ల ఏ పండుగకు అందివస్తుందో మనసులో లెక్క వేసుకొనేది. శ్రావణ భాద్రపదాలలో పొదిగిన పిల్లలు సంక్రాంతికి కిలో, కిలోన్నర తూగేవి. నాటుపుంజు కోతకు రావడానికి నాలుగైదు నెలలు పడుతుంది గనుక ఆ లెక్క తప్పేది కాదు. ఆ ఇల్లాలికి కోడి మీద దయ లేదనుకోవడం పొరపాటు. పిల్లలకోడి గంప క్రింద ఉన్నదో లేదో చూడనిదే ఆమె నిద్రపోయేది కాదు. ఆ దయకూ, ఆ కత్తికీ ఆమె మనసులో వైరం ఉండేది కాదు.

ఇప్పుడు మనం ఆ పంచాంగాన్ని పారవేసి, పొదగ పెట్టడం ఒక్కటీ ఉంచుకొన్నాము. చిక్కంతా అక్కడ వచ్చింది.

"సహజంగా పెంచడం" అన్న మాటను గూర్చి కూడ కొంత చెప్పవలసి ఉన్నది. కోడిని కోడి బ్రతుకు బ్రతకనీయడమే సహజమని నా అభిప్రాయం. మన్ను గీకనీయాలి. బూడిదా మెత్తని దుమ్మూ కలిపిన గుంటలో పొర్లనీయాలి, ఒంటి పేలు పోవడానికి దానికి తెలిసిన స్నానం అదే. తవుడు, నూకలు, జొన్నలు, వంటింటి ఆకుకూర కాడలు, పురుగూ పుట్రా. కుండలో ఎండుగడ్డీ పేడా కూరి తడిపి, చెదలున్నచోట బోర్లించి, మరునాడు చెదలతో సహా తీసి పిల్లలకు కుమ్మరించడం మన పాతపద్ధతి. దానిని మించిన దాణా నేను చూడలేదు. పొదుగుకు వచ్చిన పెట్టను చీకటి మూల గంపలో పది పన్నెండు తాజా గుడ్ల మీద కూర్చోబెట్టి, ఏడవనాడు దీపం వెలుతురులో గుడ్లు చూసి, వట్టివి తీసివేసి, 21 రోజులు దాని మానాన దానిని వదలడం. ఇంతవరకు సహజమే.

కాని సహజమన్న పేరుతో టీకాలు మానివేయడం నేను ఒప్పుకోను. కొక్కెర తెగులు వచ్చిందంటే వీధికి వీధి కోళ్లు తుడిచిపెట్టుకు పోతాయి. వేపాకు, పసుపు, వెల్లుల్లి దానిని ఆపలేవు. మొదటివారంలో కంటిలో చుక్క లసోటా, నెల నాటికి మరొకమారు, రెండు నెలలు దాటాక రెక్క క్రింద సూది. పశువైద్యశాలలో అడిగితే చెబుతారు. మందు సీసాలు నూటికి తక్కువ కోళ్లకు దొరకడం కష్టం గనుక వీధిలోని వారంతా ఒకేరోజున వేయించుకొంటే మేలు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో పక్షిజ్వరం వచ్చినప్పుడు, చచ్చిన కోడిని కాలువలోకి విసరకూడదు, పూడ్చిపెట్టాలి అన్న చిన్నమాట కూడ ఎంతమందికి తెలియదో బయటపడింది.

మరల పుంజుల దగ్గరకు వస్తాను. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలును. రెండవది ఉంటే కొట్లాట, మూడవది ఉంటే పెట్టలకు నరకం. ఒకదాని తరువాత ఒకటి ఎక్కి పెట్టల వీపు ఈకలన్నీ రాలి, చర్మం చీరుకుపోయి, అవి గూడు దిగడానికే భయపడతాయి. "ప్రాణం గదా, ఉండనీ" అని పుంజులన్నిటినీ ఉంచేవారు ఆ దయకు మూల్యం పెట్టల చేత చెల్లిస్తున్నారని తెలుసుకోవాలి. కట్టి పెంచే చోట ఒక్కొక్కటి రోజుకు సుమారు 100 గ్రాముల దాణా తింటుంది. ఇక కూత. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకొన్న ముసలమ్మ కథ మనకు తెలిసినదే. ఇరుగుపొరుగు మాత్రం ఆ కోడి లేకపోతే తాము ఇంకొక గంట నిద్రపోయి ఉందుమనుకొంటారు. అపార్టుమెంటు డాబా మీద పుంజును పెంచేవానితో నేను వాదన పెట్టుకోను, అతని పొరుగువాళ్లే పెట్టుకొంటారు.

పుంజులను మాత్రమే వేరే దొడ్డిలో, పెట్టలు కంటబడకుండ, చిన్ననాటినుండి కలిపి పెంచితే చాలవరకు సర్దుకొంటాయి. స్థలం, దాణా ఉన్నవారికి ఇది మంచి ఉపాయమే. అసీలు రక్తం ఉన్న పుంజులకు మాత్రం పనికిరాదు. మూడు నాలుగు నెలలకే ఒకదానినొకటి చంపుకొంటాయి. బీజాలు తీయించడం కొన్ని దేశాలలో ఉన్నది. కాని కోడికి అవి పొట్టలోపల, మూత్రపిండాల దగ్గర ఉంటాయి. మత్తు లేకుండ పక్క కోసి చేసే ఆ పని కంటె ఒక్క వేటు నయము.

ఇంతకంటె పెద్ద ఆశ ఒకటి ఉన్నది. దానిని గూర్చే ఈ టపా రాయాలనిపించింది.

పుష్యమాసం ఇంకా నెల ఉన్నదనగా దళారులు ఊళ్ల మీద పడతారు. మా దొడ్డిలో ఎర్రడేగ పుంజు ఒకటి ఏపుగా పెరిగింది. నిటారుగా నిలబడేది. ఒకాయన గోడ పక్కనుండి దానిని చూసి, లోపలికి వచ్చి, కాళ్లు పట్టి చూసి, మెడ తడిమి, "మాస్టారూ, మీరు దీనిని కూరకు పెంచుతున్నారా?" అని ఆశ్చర్యపడ్డాడు. ఆయన చెప్పిన ధర మాంసం ధరకు ఎన్నో రెట్లు. బాదంపప్పు పెట్టి, ఈత కొట్టించి, సిద్ధం చేస్తామన్నాడు. నేను ఇవ్వనన్నాను. "కనుమ నాటికి ఎలాగూ చచ్చేదే గదా, మీ కత్తికైతే ఏమి, బరిలో కత్తికైతే ఏమి?" అన్నాడు. మా అబ్బాయికి కూడ ఆ ప్రశ్న సబబుగానే తోచింది. ఆ డబ్బుతో గూడు పైకప్పు వేయించవచ్చునన్నాడు.

ఆ ప్రశ్నను తేలికగా తీసివేయలేను. చచ్చేది ఒకే కోడి. కాని ఒకచోట అది ఆకలికి చస్తుంది, ఒక క్షణంలో చస్తుంది. ఇంకొకచోట కాలికి కత్తి కట్టించుకొని, తన వంటి మరొక ప్రాణిని చీరుతూ, జనం కేకల నడుమ, ఎవడో కాసిన పందెం కోసం చస్తుంది. జంతువులను పోరుకు ఉసికొల్పడం 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం క్రింద నేరం, పందెం కాయడం 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూద చట్టం క్రింద నేరం. అయినా ఏటేటా గోదావరి, కృష్ణా తీరాలలో బరులు వెలుస్తూనే ఉన్నవి. "సంప్రదాయం గదా" అంటారు. సంప్రదాయమే, కాదనను. క్రీడాభిరామంలో కోడిపందెం ఉన్నది. పల్నాటి కథ కోడిపోరు చుట్టూనే మలుపు తిరిగింది. నేను పిల్లలకు ఆ ఘట్టాలు ముప్పైయేళ్లు పాఠం చెప్పినవాడను. పందెంలో ఓడి రాజ్యం విడిచిపోయిన కథను పందేనికి సమర్థనగా చెప్పుకోవడం మాత్రం నాకు ఎన్నడూ అర్థం కాలేదు. కుక్కుటశాస్త్రం కూడ నేను చూసినదే. డేగ, కాకి, నెమలి, సేతువ అని రంగులను బట్టి, వారాలను బట్టి గెలుపోటములు చెబుతుంది. ఆ పదసంపదకు ముచ్చటపడతాను. ఆ రంగు పేర్లు నిఘంటువులో భద్రంగా ఉండాలని కోరుకొంటాను. అంతమాత్రాన నా దొడ్డిలో పెరిగిన పుంజు బరిలోకి పోవాలా?

ఇంకొక రకం వారున్నారు. తినరు, అమ్మరు, చంపరు. రాత్రివేళ గుడి ఆవరణలోనో, ఊరిచివర తోటలోనో పుంజును వదిలి "స్వేచ్ఛ ఇచ్చాము" అంటారు. గూటికి అలవాటుపడిన కోడికి ఆ స్వేచ్ఛ కుక్కలు వచ్చేవరకే. బరికి అమ్మినవానిని అందరూ వేలెత్తి చూపుతారు, ఇతనిని ఎవరూ చూపరు. ఇద్దరిలో ఎవరి పుంజు ఎక్కువ బాధపడిందో నేను తేల్చలేను.

శాకాహారులు పొదిగించకుండా పెట్టలతో సరిపెట్టుకోవాలి. పొదిగించేవారు కోయడం నేర్చుకోవాలి, లేదా కూరకోసమే కొనేవానికి, కళ్లెదుట కోసేవానికి ఇవ్వాలి. ముందురోజు సాయంత్రం మేత ఆపి నీళ్లు మాత్రం పెట్టడం, తెల్లవారుజామున చీకటిలో పట్టడం, ఇతర కోళ్లకు కనబడనిచోట, పదునైన కత్తితో ఒకే కోత. కాళ్లు కట్టి తలక్రిందులుగా సైకిలు హ్యాండిలుకు వేలాడదీసి సంతంతా తిప్పడం మానాలి. పుంజులు రెండు నెలలకే జుట్టు ఎర్రబడి తెలిసిపోతాయి. మూడు నెలలకు నడుము మీద ఈకలు సన్నగా మొనదేరి వేలాడతాయి. ఏది ఉంచాలి, ఏది పంపాలి అన్నది అప్పుడే నిర్ణయించుకొంటే, అవి పెట్టలను పీడించే ప్రాయం రాకముందే పని ముగుస్తుంది.

ఉంచే పుంజును రంగు చూసి ఉంచకండి. గింజ దొరికినప్పుడు ఏమి చేస్తుందో చూడండి. కొన్ని పుంజులు తామే మింగుతాయి. కొన్ని గింజను ముక్కుతో ఎత్తి, దించి, కుక్కుక్కుమని పిలిచి, పెట్టలు వచ్చి తినేవరకు పక్కన నిలబడతాయి. గద్ద నీడ పడితే ముందుగా అరిచేవీ అవే. మనిషి మీదికి ఎగిరి పొడిచే పుంజును, పిల్లలున్న ఇంట, ఎంత అందమైనదైనా ఉంచకూడదు. మా ఎర్రడేగ పెట్టలను పిలిచే రకం. అందుకని కనుమకు దాని తమ్ముళ్లు మూడూ వెళ్లాయి, అది ఉన్నది. గూడు పైకప్పు మీద మాత్రం ఇంకా పాత రేకే ఉన్నది, వానకు కారుతున్నది.