మైదానంలో అన్నలొద్దు

ఫుట్‌బాల్ అభిమానులారా, ఆటగాళ్లారా!

2025 అక్టోబర్ 14, గోవాలోని ఫటోర్డా మైదానం. మొదటి గోల్ మనదే. ఆట ముగిసేసరికి సింగపూర్ 2, ఇండియా 1. హైదరాబాద్‌లో ఉన్నంత జనం కూడా లేని దేశం మనల్ని ఆసియా కప్ గుమ్మంలోంచి బయటికి గెంటింది. నెల తిరిగిందో లేదో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలోనూ ఓడిపోయాం.

వెంటనే పాత పాటే: కోచ్‌ని మార్చండి! మార్చలేదా ఏం? 2024 జూన్‌లో స్టిమాచ్‌ని పంపించారు, ఏడాదికే మనోలో వెళ్లాడు, ఆగస్టు 2025లో ఖాలిద్ జమీల్ వచ్చాడు. అద్దె ఇల్లు మారినంత తేలిగ్గా కోచ్‌లు మారుతున్నారు.

దక్షిణ కొరియా ఏం చేసిందో చూడండి. 2002కి ముందు ఐదు ప్రపంచ కప్‌లు ఆడి ఒక్క మ్యాచ్ కూడా గెలవని దేశమది. 1998లో మార్సేలో నెదర్లాండ్స్ వాళ్లని 5-0తో చితక్కొట్టింది. ఆ నెదర్లాండ్స్ కోచ్ గుస్ హిడింక్‌నే 2001లో పిలిచి జట్టు చేతిలో పెట్టారు. ఆ మే నెలలో ఫ్రాన్స్ చేతిలో 0-5. ఆగస్టులో చెక్ రిపబ్లిక్ చేతిలో మళ్లీ 0-5. పత్రికలు ఆయనకు 'ఐదు-సున్నా' అని పేరు పెట్టి ఆడుకున్నాయి. అయినా తీసెయ్యలేదు. మన దగ్గరైతే రెండో ఐదు దాకా ఆగేవాళ్లా?

అసలు సంగతి వేరే ఉంది. మావాళ్లలో పట్టుదలకు, దమ్ముకు లోటు లేదు, నైపుణ్యమే తక్కువ అని కొరియావాళ్లు నమ్మేవారు. హిడింక్ తలకిందులుగా చెప్పాడు: బంతి రెండు కాళ్లతోనూ బాగానే ఆడుతున్నారు, లేనిది దమ్మే. నెలల తరబడి శిబిరాలు పెట్టి పరిగెత్తించాడు. క్లబ్బులు ఆటగాళ్లను వదిలాయి. ఇక్కడేమో 2023 హాంగ్జౌ ఆసియా క్రీడలకు క్లబ్బులు బెట్టు చేస్తే దొరికినవాళ్లను పోగేసుకుని వెళ్లాం. చైనా మన మీద ఐదు గోల్స్ కొట్టింది.

దమ్ము లేకపోవడం కన్నా పెద్ద జబ్బు ఇంకొకటి. కొరియన్‌లో 'హ్యుంగ్' అంటే అన్న. మైదానంలో చిన్నవాడు అన్నని పేరు పెట్టి పిలవకూడదు, అన్న అడిగితే బంతి ఇవ్వకుండా ఉండకూడదు. భోజనాల దగ్గర పెద్దలదొక బల్ల, పిల్లలదొక బల్ల. హిడింక్ బల్లలు కలిపేశాడు. మైదానంలో అందరూ పేర్లతోనే పిలుచుకోవాలన్నాడు. ఒక కుర్రాడు ధైర్యం చేసి, జట్టు పెద్దల్లో ఒకడైన హాంగ్ మ్యుంగ్‌బోని "మ్యుంగ్‌బో, అన్నానికి రా" అని పిలిచాడని అక్కడ ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. జపాన్‌లో ఆడుతున్న, స్వదేశంలో పెద్దగా ఎవరికీ తెలియని పార్క్ జీసంగ్‌కి చోటిచ్చాడు. 2002 ప్రపంచ కప్‌లో పోర్చుగల్‌ను ఓడించిన గోల్ అతనిదే. స్పెయిన్ మీద చివరి పెనాల్టీ కొట్టింది ఆ హాంగ్ మ్యుంగ్‌బోయే. పేరు పెట్టి పిలిచినంత మాత్రాన పెద్దరికం ఎక్కడికీ పోలేదు.

ఇప్పుడు మన సంగతి. సెలక్షన్స్‌కి వెళ్లినవాడికి తెలుసు. ఫలానా అన్న తాలూకు, ఫలానా సార్ చెప్పాడు, ఈసారికి సర్దుకో. వింగ్‌లో ఖాళీగా ఉన్న కుర్రాడికి బంతి రాదు, ఇద్దరు డిఫెండర్ల మధ్య ఇరుక్కున్న అన్నకి వెళ్తుంది. నేనూ ఆ వింగ్‌లో నిలబడ్డవాణ్ణే. అధికారులారా, ఇది మర్యాద కాదు. ఆటకి మీరు తవ్వుతున్న గొయ్యి!

2002లో కొరియావాళ్లు రిఫరీల వల్ల గెలిచారంటారా? సొంత గడ్డ మీద కాబట్టి గెలిచారంటారా? మరి అదే హిడింక్ 32 ఏళ్ల తర్వాత ఆస్ట్రేలియాని ప్రపంచ కప్‌కి తీసుకెళ్లింది, రష్యాని 2008 యూరో సెమీఫైనల్‌కి చేర్చింది ఏ రిఫరీ దయతో?

విదేశీయుడే కావాలని మేమనడం లేదు. మన హైదరాబాద్ కోచ్ రహీం సాబ్ ఎక్కడి నుంచి దిగుమతయ్యాడు? 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి మ్యాచ్‌లో ఇదే కొరియా చేతిలో 0-2తో ఓడి, ఫైనల్లో అదే కొరియాని 2-1తో ఓడించాడు. జబ్బుతోనే బంగారం తెచ్చి, మరుసటి ఏడాదే కన్నుమూశాడు. నలభై ఏళ్లకు ఆ కొరియా ప్రపంచ కప్ సెమీస్‌కి చేరింది. మనం ఎక్కడున్నామో ఫటోర్డా చెప్పింది.

మేం అడిగేది ఇదీ. కోచ్‌కి నాలుగేళ్లు రాసివ్వండి, ఎన్ని ఐదు-సున్నాలొచ్చినా కదపొద్దు. జట్టు ఎంపిక ఆయనొక్కడిదే, సిఫారసు చేసిన అధికారి పేరు బయటపెట్టండి. పెద్ద టోర్నీకి ముందు క్లబ్బులు రెండు నెలలు ఆటగాళ్లను అప్పగించాలి.

ఇది చదివి మడిచి జేబులో పెట్టుకోకండి. రేపు ప్రాక్టీసుకి పట్టుకెళ్లి, మీ జట్టులో అందరికన్నా చిన్నవాడి చేత గట్టిగా చదివించండి.