చేపను బట్టే మొక్క
అక్వేరియం పెంచేవారికీ, అమ్మేవారికీ విజ్ఞప్తి



ఇంట్లో అక్వేరియం పెట్టాలని ముచ్చటపడి దుకాణానికి వెళ్లిన కొత్తవారికి మన ఊళ్లలో ఏం జరుగుతోందో గమనించండి. తొట్టి, ఫిల్టరు, రంగురాళ్లు, నచ్చిన చేపలు అన్నీ బిల్లులో పడ్డాక, చివర్లో అందానికని రెండు మొక్కలు కవర్లో వేసి ఇస్తారు. ఆ మొక్క పేరేమిటో, ఏ చేపతో బతుకుతుందో, ఏ నీటికి తట్టుకుంటుందో కొనేవారు అడగరు, అమ్మేవారు చెప్పరు. కొద్ది వారాల్లోనే ఆకులు కుళ్లుతాయి, నీళ్లు చెడిపోతాయి, చేపలు పైకొచ్చి గాలి కోసం నోళ్లు తెరుస్తాయి. ప్రాణమున్న మొక్కలు మనకు అచ్చిరావని తేల్చేసుకుని జనం ప్లాస్టిక్ మొక్కలు తెచ్చుకుంటున్నారు.

ఈ పద్ధతి మారాలి. ముందు చేపను నిర్ణయించుకోవాలి. దాని నీరు, తిండి, నడత తెలుసుకుని ఆ తర్వాతే మొక్కను ఎంచుకోవాలి. ఏ మొక్క ఏ చేపకు తగినదో దుకాణంలో రాసిపెట్టి అమ్మాలి. మేం కోరుతున్నది ఇదే.

మొక్క వట్టి అలంకారం కాదు

చేప మొప్పల నుంచి నిరంతరం అమ్మోనియా వెలువడుతుంది. తినగా మిగిలిన మేత, చేపల మలం కుళ్లినా అదే పుడుతుంది. అది చేపకు విషం. ఫిల్టరులో పెరిగే బాక్టీరియా దాన్ని మొదట నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. పెరుగుతున్న మొక్క ఆ అమ్మోనియానూ నైట్రేట్‌నూ ఎరువుగా పీల్చుకుంటుంది. పగటి వెలుతురులో నీటికి ఆక్సిజన్ ఇస్తుంది. పాచికి అందాల్సిన పోషకాలను తానే తీసేసుకుంటుంది. బెదిరిన చేపకు చాటు ఇస్తుంది. ప్లాస్టిక్ మొక్క చాటు ఇవ్వగలదేమో గానీ మిగిలిన పనుల్లో ఒక్కటీ చేయలేదు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. 1850 ప్రాంతంలో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త గాజుపాత్రలో రెండు గోల్డ్ ఫిష్‌లనూ, వాలిస్నేరియా అనే నీటిమొక్కనూ కలిపి పెంచాడు. కుళ్లిన ఆకుల వల్ల నీరు చెడుతుంటే వాటిని తినడానికి చెరువు నత్తలను చేర్చాడు. చేప, మొక్క, నత్త ఒకదాన్నొకటి నిలబెట్టుకుంటాయని అలా చూపించాడు. అక్వేరియం పెంపకానికి పునాది వేసిన ప్రయోగాల్లో అదొకటి. అంటే తగిన చేపకు తగిన మొక్కను జత చేయడం ఈ అభిరుచి తొలి పాఠం. మన దుకాణాల్లో ఆ పాఠమే మరుగున పడింది.

ఏ చేపకు ఏ మొక్క?

గోల్డ్ ఫిష్: ఇది మన బొచ్చె, శీలావతి కుటుంబపు చేప. అడుగును నోటితో తవ్వడం, లేత ఆకు కొరకడం దాని స్వభావం. సన్నని ఆకుల మొక్కను గ్రావెల్‌లో (అడుగున పరిచే గులకరాళ్లలో) నాటితే నిలవనివ్వదు. దీనికి గట్టి ఆకుల అనుబియాస్, జావా ఫెర్న్ సరిపోతాయి. వీటిని నాటకూడదు. రాయికో చెక్కకో దారంతో కట్టాలి. వేర్లు పుట్టే లావుపాటి కాండాన్ని గ్రావెల్‌లో పాతిపెడితే కుళ్లిపోతుంది. మొక్కలు చచ్చిపోయాయని వచ్చే ఫిర్యాదుల వెనక చాలాసార్లు ఉండేది ఈ పొరపాటే. నీటిలో వదిలేస్తే పెరిగే హార్న్‌వర్ట్‌ను చేప కొరికినా, అది వేగంగా ఎదిగి ఆ లోటు పూడ్చుకుంటుంది.

ఫైటర్: థాయ్‌లాండ్ వరిమళ్లలో, కదలని నీళ్లలో బతికే చేప. నీటి పైకి వచ్చి నేరుగా గాలి పీలుస్తుంది. నురగ బుడగలతో గూడు కడుతుంది. కాబట్టి నీటి ఉపరితలానికి దగ్గరగా వెడల్పాటి ఆకు ఉండాలి, దాని మీద అది సేదతీరుతుంది. అనుబియాస్ ఇందుకు చక్కగా పనికొస్తుంది. తేలే మొక్కలు కొన్ని వేయవచ్చు గానీ పైభాగం మొత్తం మూసేయకూడదు, గాలి పీల్చడానికి చోటు మిగలాలి. మొన దేలిన ప్లాస్టిక్ ఆకులకు దాని పొడవాటి రెక్కలు చిరుగుతాయి. ఫైటర్ ఉన్న తొట్టిలో వాటిని అసలు పెట్టకండి.

గప్పీ, మోలీ: ఇవి పిల్లలను కంటాయి, తమ పిల్లలనే తింటాయి. ఆ పిల్లలు బతకాలంటే దట్టమైన పొద కావాలి. జావా మాస్, హార్న్‌వర్ట్ అందుకు తగినవి. ఈ చేపలకు కాస్త కఠినజలమే హితం. వాలిస్నేరియాకూ అంతే. నీటిలోని బైకార్బనేట్ నుంచి సైతం అది కార్బన్‌ను తీసుకోగలదు. హైదరాబాద్‌లోనూ, ఇంకా అనేక పట్టణాల్లోనూ కఠినమైన బోరు నీళ్లతో అక్వేరియం పెట్టేవారికి ఈ జత అన్నిటికంటే భద్రమైనది.

ఏంజెల్: అమెజాన్ ప్రాంతపు చేప. పొడవైన ఆకుల మధ్య నిటారుగా తిరుగుతుంది, వెడల్పాటి ఆకు మీద గుడ్లు పెడుతుంది. అమెజాన్ స్వోర్డ్ దీనికి సహజమైన తోడు. అయితే ఆ మొక్క వేళ్లతో ఎక్కువ పోషకాలు లాగుతుంది. వట్టి రంగురాళ్లలో పెడితే ఆకులు పసుపెక్కుతాయి. మొక్క మొదలు దగ్గర ఎరువు బిళ్ల పెట్టాలి.

డిస్కస్: దీనికి 28 నుంచి 30 డిగ్రీల వెచ్చని నీరు కావాలి. ఆ వేడికి చాలా మొక్కలు కరిగిపోతాయి. అనుబియాస్, జావా ఫెర్న్, అమెజాన్ స్వోర్డ్ లాంటివి కొన్నే తట్టుకుంటాయి.

ఆస్కార్: తొట్టినంతా తిరగదోడే పెద్ద చేప. నాటిన మొక్క దీని దగ్గర నిలవడం కష్టం. చెక్కకు గట్టిగా కట్టిన అనుబియాస్, లేకుంటే తేలే మొక్కలు, అంతే. ఆస్కార్ కొనేవారికి నాటే మొక్కలు అమ్మడమంటే డబ్బు నీళ్లలో పోయించడమే.

నేలమొక్కలను నీటిమొక్కలుగా అమ్మవద్దు

లక్కీ బాంబూ, పీస్ లిల్లీ, సింగోనియం వంటి నేలమొక్కలను పూర్తిగా నీట ముంచి అక్వేరియం మొక్కలుగా అమ్ముతున్నారు. ఇవి మునిగి బతికేవి కావు. కొంతకాలం పచ్చగా కనిపించి, ఆ తర్వాత లోపలే కుళ్లి నీటిని పాడుచేస్తాయి. దీన్ని మాత్రం అవగాహన లోపమని సరిపెట్టుకోలేం, కొనేవారికి ఇది అన్యాయం.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోండి. నర్సరీలు అసలైన నీటిమొక్కలను కూడా తరచూ ఆకులు గాలిలో ఉండేలా పెంచుతాయి. ముంచాక ఆ పాత ఆకులు రాలి కొత్తవి వస్తాయి. క్రిప్టోకోరైన్ మొక్క అయితే చోటు మార్చగానే తరచూ ఆకులన్నీ కరిగించుకుని, వేరు నుంచి మళ్లీ చిగురిస్తుంది. కంగారుపడి పీకి పారేయకండి.

పెరిగిన మొక్కను చెరువులో వేయవద్దు

గుర్రపు డెక్క దక్షిణ అమెరికా మొక్క. అందమైన పువ్వుల కోసం మన దేశానికి తెచ్చారు. అది మన చెరువులనూ కాలువలనూ ఎలా కమ్మేసిందో చూస్తూనే ఉన్నాం. మన చెరువుల్లో సహజంగా పెరిగే హైడ్రిల్లా 1950లలో అక్వేరియం వ్యాపారం ద్వారా అమెరికాలోని ఫ్లోరిడాకు చేరి అక్కడి జలాలకు పీడ అయింది. చేపలదీ ఇదే కథ. అద్దం శుభ్రం చేస్తుందని తెచ్చుకుని, పెద్దదయ్యాక చెరువుల్లో వదిలేసిన సక్కర్ చేప ఇప్పుడు మన జాలర్ల వలలు చింపుతోంది. కాబట్టి కత్తిరించిన కొమ్మలను ఎండబెట్టి కంపోస్టులో వేయండి. తొట్టి నీళ్లు పూలకుండీలకు పోయండి. చెరువుకూ, మురుగుకాలువకూ ఒక్క కొమ్మ కూడా చేరకూడదు.

ఏం చేయాలి?

దుకాణదారులకు:
1. ప్రతి మొక్క దగ్గరా దాని పేరు, తగిన చేపలు, నాటాలా కట్టాలా అన్నది తెలుగులో రాసిపెట్టండి.
2. నీట మునిగి బతకని మొక్కలను అక్వేరియం మొక్కలుగా అమ్మడం మానండి.
3. కొనేవారి నీరు బోరుదా, కుళాయిదా అని అడిగాకే మొక్క ఇవ్వండి.
4. వద్దనుకున్న చేపలనూ, పెరిగిన మొక్కలనూ తిరిగి తీసుకోండి.

పెంచేవారికి:
1. చేపలను నిర్ణయించుకున్నాకే మొక్కలు కొనండి. పేరు చెప్పలేని మొక్కను కొనకండి.
2. కుళాయి నీటిలో క్లోరిన్ పోగొట్టాకే వాడండి.
3. లైటు రోజుకు 6 నుంచి 8 గంటలు చాలు. అంతకు మించితే పాచి పెరుగుతుంది.
4. రాత్రి మొక్కలు కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి. చేపలు, మొక్కలు దట్టంగా ఉంటే రాత్రిళ్లు గాలి పంపు ఆపకండి.
5. తెచ్చిన మొక్కను శుభ్రంగా కడిగి, కొన్నాళ్లు వేరే పాత్రలో ఉంచి, తర్వాతే చేపల మధ్య పెట్టండి.

వీటిలో ఏ ఒక్కదానికీ ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు. దుకాణంలో ఒక చీటీ, కొనేవారి నోట ఒక ప్రశ్న చాలు. ఇకపై మొక్క కొనే ప్రతిసారీ "ఇది మా చేపకు సరిపడుతుందా?" అని అడగండి. జవాబు చెప్పలేని చోట కొనకండి. ఈ కరపత్రం చదివాక మీ ఊరి దుకాణంలో ఇవ్వండి, అక్వేరియం ఉన్న మరో ఇంటికి అందించండి.

ఇట్లు
మీ తోటి అక్వేరియం పెంపకందారులు